నా పొట్టలోని ప్రాణులకు అక్క వంట

నా కిడ్నీ మా అక్కకు సరిపోతుంది గానీ ఇప్పుడు తీసుకోనని డాక్టరు అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇస్తానన్నది నేను, కావలసింది అక్కకు, మధ్యలో వద్దనడానికి ఈయనెవరు అనిపించింది. హైదరాబాద్ నుంచి వారానికోసారి సూర్యాపేట దవాఖానకు వచ్చే కిడ్నీ డాక్టరు ఆయన. నా ముఖం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, రిపోర్టులు నా వైపు తిప్పాడు.

"మీకు షుగర్ ఇంకా రాలేదమ్మా, కానీ గడప దాకా వచ్చింది. లివర్‌లో కొవ్వుంది. మీ అమ్మగారికి షుగర్ ఉండేదన్నారు. మీ అక్కగారి కిడ్నీలు పోయిందీ షుగర్ వల్లనే. ఒకటి తీసేశాక రేపు మీకూ వస్తే, మిగిలిన ఆ ఒక్కదాని గతేమిటి? బరువు తగ్గండి, తిండి మార్చండి. వానలు తగ్గాక రండి, మళ్ళీ పరీక్షలు చేద్దాం" అన్నాడు. అప్పటికి ఇంకా ఎండలు కూడా ముదరలేదు.

మేమిద్దరం సూర్యాపేటలో ధాన్యం కొట్టు వాళ్ళ ఆడపిల్లలం. అక్కను కోదాడలో కిరాణా కొట్టు వాళ్ళకిచ్చారు, నన్ను మిర్యాలగూడలో రైసుమిల్లు వాళ్ళకిచ్చారు. ఇప్పుడు అక్క వారానికి మూడుసార్లు కోదాడలో బస్సెక్కి సూర్యాపేట వస్తుంది. మిషను పక్కన పడుకొని రక్తం కడిగించుకొని, వాడిపోయిన ముఖంతో మళ్ళీ బస్సెక్కుతుంది. మా బావ రక్తం కలవలేదు. ఒక్కగానొక్క కూతురు నేనిస్తానంది గానీ, ఇంకా పిల్లలు కావలసినదానివి, నోరు మూసుకొమ్మని అక్క కసిరింది. మిగిలింది నేను. సూదులు పొడిచీ పొడిచీ ఆమె చేతి మీద నరం తాడులా ఉబ్బిపోయింది. దాన్ని కొంగు కింద దాచుకొని నడుస్తుంది.

డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాక నేను ఇంకా బుసలు కొడుతూనే ఉన్నాను. అక్క మాత్రం ఒక్కటే మాటంది.

"ముందుగాల నీ షుగర్ దిగనియ్యవే. కడమ ముచ్చట తర్వాత."

ఆ మాటను నేను ఒప్పుకోలుగానే తీసుకున్నాను. ఇంకో అర్థం ఉండొచ్చని నాకు తట్టలేదు.

మా ఇంట్లో అన్నం గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రైసుమిల్లు ఇల్లంటే అన్నమే మా పరువు. చుట్టాలొస్తే రెండుసార్లు పాలిష్ పట్టిన బియ్యమే వండాలి, మెతుకు మెతుక్కు అంటకూడదు, తెలుపులో ఎక్కడా మచ్చ ఉండకూడదు. పైగా కొత్త బియ్యం మా గడప దాటి వంటింట్లోకి రావు. గోనె సంచుల్లో కట్టి చీకటి గదిలో పెట్టి, బాగా పాతబడ్డాకనే తింటాం. పాత బియ్యమైతే అన్నం ఒదుగుతుంది, కడుపులో తేలిగ్గా ఉంటుందని మా అత్తగారి నమ్మకం. ఆమె పోయినా ఆ నమ్మకం ఆ గదిలోనే ఉండిపోయింది.

పాలిష్ లేని బియ్యం మంచివని అందరూ చెప్పే మాటే కదా, నేనూ మా వారినడిగాను. ఆయన హాలియా నుంచి వచ్చిన మంచి వడ్లు ఏరించి, పైపొట్టు మాత్రం తీయించి, తవుడు పొర పోకుండా ఒక సంచి ఆడించి పంపారు. లేత గోధుమ రంగులో ముద్దొచ్చాయి ఆ బియ్యం. మరి నేనేం చేశాను? సంచి మూతి కుట్టించి చీకటి గదిలో పెట్టాను, పాతబడనిద్దామని. అవి పాతబడే దాకా రోజూ తెల్లన్నమే తిన్నాను. ఎండాకాలమంతా అక్క సూర్యాపేటకు తిరుగుతూనే ఉంది, నా బియ్యం గదిలో మాగుతూనే ఉన్నాయి, నేనేదో గొప్ప పథ్యం మీద ఉన్నట్టు అందరికీ ఫోనుల్లో చెప్పుకుంటూనే ఉన్నాను.

తొలకరి పడ్డాక సంచి విప్పితే గుప్పున ఒక వాసన కొట్టింది. అప్పడాలు వేయించి మూలకు పెట్టి మరిచిపోయిన నూనె వాసన. పురుగు సరే, ఏ బియ్యంలోనైనా ఉండేదే, చెరిగేశాను. ఆ వాసన మాత్రం ఉడికినా పోలేదు. అది ఆరోగ్యం వాసన అనుకున్నాను. నిజం చెప్తున్నాను, అలాగే అనుకున్నాను. ముక్కు మూసుకొని తిన్నాను. ఎలాగూ ఆరోగ్యమే కదా అని మామూలు కంటే ఎక్కువే పెట్టుకొని తిన్నాను.

అక్క కూతురు సూర్యాపేటలోనే ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తుంది. ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది. కంచంలో అన్నం చూసింది, వాసన చూసింది, లేచి పోయి సంచిలో చెయ్యి పెట్టింది.

"చిన్నమ్మా, ఇవి ముక్కిపోయినయి. తవుడుల నూనె ఉంటది గద, గాలి తగిలితే అది పాడయితది. పాలిష్ బియ్యం ఏడాది ఎందుకుంటయంటే, పాడయ్యేటిది అండ్ల ఏం మిగలదు కాబట్టి" అంది.

మా వారు తలుపు దగ్గర నిలబడి విన్నారు. ముప్పై ఏళ్ళుగా మిల్లు నడిపే మనిషి. తవుడు ఒక్క రోజు ఆలస్యమైతే నూనె మిల్లు వాడు ముఖం చిట్లిస్తాడని ఆయనకు కంఠతా వచ్చు. "తవుడు కుప్పల ఉంటె పాడయితదని తెలుసు. బియ్యానికి అంటుకొని ఉన్నప్పుడు గూడ అది తవుడే అని నా బుర్రకు తట్టలే" అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ దిగలేదు సరిగదా ఇంకో మెట్టు ఎక్కింది. డాక్టరిచ్చిన గడువులో సగం, అక్క మిషను పక్కన పడుకొని గడిపిన ఎండాకాలమంతా, నేను ఒక గదిలో కట్టి ముక్కబెట్టాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మరుసటి వారం ఆ పిల్ల నన్ను తన కాలేజీకి రమ్మంది. వచ్చేటప్పుడు ఇంట్లో తోడేసిన పెరుగు కొంచెం పట్టుకురమ్మంది. ఇంకొకటి కూడా తెమ్మంది. చిన్న మూత డబ్బీలో, పొద్దున్నే, నా కడుపులోంచి వచ్చేదే. నేను ఫోనులోనే ఒంటికాలి మీద లేచాను. నీకు సిగ్గు లేకపోతే నాకుంది, అది పట్టుకొని నేను బస్సెక్కాలా అని తిట్టిపోశాను. "పరీక్ష కోసం దవాఖానల ఇయ్యవా ఏంది? నీదే గద చిన్నమ్మా, తే" అంది నింపాదిగా. మూడు కవర్లు చుట్టి, సంచి అడుగున పెట్టి, పక్క సీటు వాళ్ళ ముఖాల్లోకి చూడకుండా మిర్యాలగూడ నుంచి సూర్యాపేట దాకా వెళ్ళాను.

ముందు పెరుగు చూపించింది. గాజుపలక మీద చుక్క పూసి, వేడి చూపి, రంగులు పోసి కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఒక కన్ను మూసి రెండో కన్ను ఆనించాను. ముందు ఏమీ లేదు. తర్వాత ఆమె పక్కనున్న చక్రం తిప్పగానే ఒక్కసారిగా తేలాయి. ఊదారంగు పుల్లలు, పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న గుండ్లు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తోడేస్తున్నాను, గిన్నె మీద మూత పెట్టేటప్పుడు లోపల ఇంతమంది ఉన్నారని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నాకు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఇప్పుడు నీవి సూడు" అని పలక మార్చింది.

పెరుగులోవి పల్చగా, పద్ధతిగా ఉన్నాయి. ఇక్కడ సందు లేదు. గులాబీ పుల్లలు, ఊదా పుల్లలు, వంకర తిరిగినవి, జంటలుగా అంటుకున్నవి, గుంపులు గుంపులు. సూర్యాపేట మార్కెట్లో వడ్ల సీజనులో ఇసకేస్తే రాలనంత జనం ఉంటారే, అంతకంటే ఎక్కువ. ఇంత చిన్న చుక్కలో. నేను కన్ను తీయలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. సిగ్గు ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

"బతికున్నయా బిడ్డా?" అని అడిగాను.

"రంగెయ్యాలంటే మంట మీద పెట్టాలె గద, ఇవి సచ్చినయి. ఇండ్ల శానా వాటికి గాలి తగిలినా సస్తయి చిన్నమ్మా. మనకు పానమిచ్చే గాలి వాటికి విషం. నీ పెద్దపేగుల గాలి చొరనికాడ చీకట్ల ఉంటయి. నువ్వు పుట్టినప్పటి సంది ఎన్నో తరాలు గాడనే పుడుతున్నయి, గాడనే పోతున్నయి."

యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి నాకు. ఇన్నేళ్ళూ ఈ ఒంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాననుకున్నాను.

అప్పుడామె తీరిగ్గా చెప్పింది. తెల్లన్నం, పంచదార, మైదా ఏది తిన్నా పైన చిన్నపేగులోనే అరిగి రక్తంలోకి ఎక్కేస్తుందట. కింద ఉన్న వీటి దాకా ఏమీ రాదట. వీటికి కావలసింది మనకు అరగనిది. పీచు, పొట్టు, తొక్క, ఆకుల్లో చేదు, కాయల్లో వగరు, గింజల మీద రంగు.

"చెట్టుకు కాళ్ళు లేవు చిన్నమ్మా. పురుగొస్తే ఉరకలేదు, ఎండ కొడితే నీడకు పోలేదు. అందుకనే ఆకుల చేదు పెట్టుకుంటది, తొక్కల రంగు పెట్టుకుంటది, కాయల వగరు దాసుకుంటది. అవి చెట్టు తన కోసం చేసుకున్నయి, మన కోసం కాదు. మన పేగుకు అవి శానా మటుకు ఎక్కవు. కిందికి జారి వీటి దగ్గరికి పోతయి. ఇవి వాటిని కొరికి ముక్కలు చేస్తయి. గా ముక్కలు మన రక్తంలకు పోతయి. పీచునేమో పులియబెట్టి పెరుగుల పులుపు అసొంటి సన్న రకం పులుపులు చేస్తయి. పేగు గోడకు అదే బువ్వ. ఆ గోడ గట్టిగుంటే, రక్తంల షుగర్ దిగేటందుకు గూడ ఆసరా అయితదని అంటున్నరు."

"మరి ఇన్ని దినాలు నేనేం పెట్టలేదు కదా, ఇవేం తిన్నయి?"

"ఏం దొరక్కపోతే కొన్నేమో పేగు గోడ మీది జిగురునే గీక్కొని తింటయి" అంది.

ఇంటికి వచ్చిన పరాయి మనిషికి కూడా మంచినీళ్ళు ఇవ్వకుండా పంపని దాన్ని. నా లోపల ఉన్నవాటిని ఆకలితో ఉంచి నా గోడే గీక్కొని తినేలా చేశాను. అక్క కూతురు నా ముఖం చూసి కంగారు పడింది. ఇది మందు కాదని, మనిషికో రకంగా పని చేస్తుందని, తెలిసినదాని కంటే తెలియనిదే ఎక్కువని, డాక్టరు చెప్పిన నడక మానొద్దని పదేపదే చెప్పింది. విన్నాను. కానీ నా కళ్ళ ముందు ఆ గులాబీ పుల్లలే కదులుతున్నాయి.

ఆ పిల్ల ఇదంతా వాళ్ళమ్మకు చెప్పినట్టుంది. నా చేతి వంట మీద అక్కకు మొదటి నుంచీ నమ్మకం లేదు, బియ్యం సంగతి విన్నాక అసలే పోయింది. నాకు ఫోను చేసింది. కోదాడలో ఉండీ ఉండీ అక్క మాటలో కొంత ఆంధ్ర చేరింది, కోపమొస్తే మాత్రం అచ్చం సూర్యాపేటే.

"నువ్వు ఇగ పొయ్యి దగ్గర నిలబడకు. నేను వండి పంపిస్తా. పంపింది పంపినట్టు తిను. రుచి లేదని వంకలు పెట్టావంటే ఊరుకోను."

మిషను లేని రోజుల్లో ఆమె వండేది. కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు డ్రైవరు పక్కన నాలుగు గిన్నెల క్యారేజీ పెట్టేవాడు మా బావ. హుజూర్‌నగర్ మీదుగా అది వచ్చేసరికి నేను ఇక్కడ బస్టాండులో నిలబడేదాన్ని. పైగిన్నెలో జొన్నరొట్టెలు. కింద పొట్టు తీయని మినప్పప్పు, లేకపోతే ఉలవచారు. ఆ కిందిది ఏదో ఒక ఆకు. గోంగూర, మెంతి, చింతచిగురు, మునగాకు. అడుగున ఎర్రజొన్నలు దంచి పులియబెట్టిన అంబలి. నల్ల నువ్వులు, అవిసె గింజలు, కరివేపాకు కలిపి కొట్టిన పొడి ఒక పొట్లంలో. ఆకు తెచ్చే ఆమె కోదాడ పక్క చిలుకూరు నుంచి పొద్దున్నే వస్తుందట, అక్క ఆమెను ఆపి ముదురు ఆకే ఏరించుకునేదట.

మొదట్లో నా కడుపు చేసిన గోల చెప్పడానికి వీల్లేదు. ఉబ్బరం, గుడగుడలు, నలుగురిలో కూర్చోవాలంటే భయం. "మిల్లు ఇక్కడుందా, నీ కడుపులుందా?" అని మా వారు ఒకటే వేళాకోళం. ఫోను చేసి అక్క కూతురి మీద విరుచుకుపడ్డాను. ఆమె నవ్వింది. "ఎన్నేండ్లకో విందు పెట్టినవ్, అవి సప్పుడు చెయ్యవా? జర తక్కువతోని మొదలుపెట్టు, మెల్లమెల్లగ పెంచు" అంది. తగ్గించి తిన్నాను. నిదానంగా సద్దుమణిగింది. మధ్యాహ్నం తిని పడుకున్నప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టుకొని వినేదాన్ని. ఎక్కడో లోతుగా చిన్న కదలిక. ఎవరూ చూడని చోట, చీకట్లో, అక్క పంపిన గోంగూరను విప్పుకొని తింటున్నాయి. కళ్ళు మూసుకుంటే ఆ ఊదా, గులాబీ పుల్లలు కనిపించేవి. గుళ్ళో కూడా నాకు అంత భయమూ భక్తీ కలగలేదు, పాపమంటే పాపమే.

శ్రావణమాసంలో ఒకరోజు కోదాడ వెళ్ళాను. అక్క చింతచిగురు పప్పు చేస్తోంది. పొయ్యి ముందు స్టూలు వేసుకొని కూర్చుంది, నిలబడితే ఆయాసం. పక్క పొయ్యి మీద ఇంకో గిన్నె ఉంది. అందులో తోటకూర సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి ఉడికిస్తోంది. పాలిపోయి, పాత గుడ్డ పేలికలా ఉంది.

"అదెందుకు అట్ల పిండుతున్నవ్?" అన్నాను.

"అది నాది. ఆకుల్లో ఉండే పొటాషియం నా ఒంట్లోంచి బయటికి పోదంట. గుండె ఆగుతుందన్నాడు డాక్టరు. అందుకని సారమంతా పారబోసి తినాలి" అంది, ఏదో పక్కింటి సంగతి చెప్పినట్టు.

అప్పుడు నాకు తెలిసింది. చింతచిగురు ఆమెకు వద్దు. మునగాకు వద్దు. ఉలవచారు వద్దు. ఆఖరికి మా వైపు బత్తాయి తోటల్లో కాసే బత్తాయి తొన కూడా వద్దు. అక్క కూతురు నన్ను తినమన్నవన్నీ డాక్టరు ఆమెను ముట్టొద్దన్నవే. అవే రోజూ ముందేసుకొని ఏరి, తరిగి, తాలింపు వేసి, ఆ ఘుమఘుమంతా పీల్చి, మూత పెట్టి నాకు పంపిస్తోంది. ఉప్పు చూడమని గరిటెలో పప్పు నాకే పోసింది. నోట్లో పెట్టుకున్నాను. పుల్లగా, వగరుగా, కమ్మగా ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఏడుస్తావేమే, కారమెక్కువయిందా?" అంది.

"నీకు తినబుద్ధి కాదా అక్కా?"

"ఎందుకు కాదు. నీ పొట్టలో ఉన్నవాటికి పెడుతున్నా అనుకుంటా. అవి తింటే నేను తిన్నట్టే. మా పిల్ల ఫోనులో వాటి ఫొటో చూపించింది. ఎంత ముద్దుగున్నయే" అంది అక్క. ఆమె ముఖం నిజంగానే వెలిగింది. నా లోపల ఉన్న, ఎవరికీ పేర్లు కూడా తెలియని ప్రాణులను తలుచుకొని, తనకు దక్కని తిండి వండుతున్న మనిషిని నేను ఆ రోజు చూశాను. సూక్ష్మదర్శినిలో చూసినదాని కంటే అది పెద్ద వింత నాకు.

ఆ తర్వాత ఏ గిన్నెలోనూ నేను మెతుకు మిగల్చలేదు. పొద్దున్నే మిల్లు కాంపౌండు చుట్టూ నడిచాను. చుట్టాలింట్లో తెల్లన్నం వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను, పొగరని అనుకున్నా సరేనని. రవికెలు వదులయ్యాయి. మధ్యాహ్నం తినగానే కమ్ముకొచ్చే ఆ మత్తు నిద్ర ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. పూర్వం ఊరికే ఆకలయ్యేది, తిన్న గంటకే ఏదో ఒకటి నోట్లో పడాలనిపించేది. అదీ తగ్గింది.

వానలు వెనకపట్టాక అక్కా నేనూ మళ్ళీ అదే డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన కొత్త రిపోర్టులు చూశాడు, పాతవి పక్కన పెట్టుకొని మళ్ళీ చూశాడు.

"షుగర్ మామూలుకు వచ్చింది. లివర్ కూడా బాగుపడింది. ఏం చేశారమ్మా?" అన్నాడు.

నేను ఆగలేకపోయాను. జొన్నలు, పొట్టు, చేదు, వగరు, గాలి చొరని చీకటి, అక్కడ పుట్టి పెరిగే తరాలు, అన్నీ చెప్పేశాను. ఆయన మధ్యలో ఆపలేదు. "తిండి వల్లనా, బరువు తగ్గడం వల్లనా, నడక వల్లనా, విడదీసి చెప్పలేను. మీ పొట్టలో ఏం మారిందో నేను చూడలేదు. రక్తంలో మారింది మాత్రం కనిపిస్తోంది" అన్నాడు. తర్వాత, "హైదరాబాద్‌లో మిగతా పరీక్షలు, అనుమతులు ఉంటాయి. అవి కూడా అయితే మీరు ఇవ్వొచ్చు" అన్నాడు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను.

అక్క మాట్లాడింది. "సార్, ఒకటి తీసినంక దీనికి ఎప్పటికీ షుగర్ రాదని రాసిస్తరా?"

"అలా ఎవరూ రాసివ్వలేరమ్మా. ఇలాగే తింటూ, నడుస్తూ ఉంటే ప్రమాదం తక్కువ. అసలు లేదని మాత్రం అనలేను."

"అయితే నాకొద్దు సార్" అని అక్క లేచి బయటికి నడిచింది.

దవాఖాన ముందు ఆటోలు ఆగే చోట సిమెంటు అరుగు మీద కూర్చుంది. నేను వెనకాలే పరుగెత్తాను. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆటో వాళ్ళు తిరిగి చూస్తున్నా లెక్కచేయలేదు. "ఇన్ని నెలలు నాతో గడ్డీ గాదం తినిపించి ఇప్పుడొద్దంటవా? నీకేమైనా మతి పోయిందా?" అని అరిచాను.

"నీ కిడ్నీ కావాలని నేనెప్పుడన్నానే? యాదికి తెచ్చుకో" అంది అక్క నెమ్మదిగా.

తెచ్చుకున్నాను. నిజమే, ఒక్కసారి కూడా అనలేదు.

"మరి ఎందుకు వండి పంపినవ్?"

"నీ కోసమంటే నువ్వు ఒక్క ముద్ద మానవు. నా కోసమంటే మానుతావ్. అమ్మ దీంతోనే పోయింది. నేనిట్లయిన. నీ ఒళ్ళన్న బాగుండాలనుకున్న. బాగైంది. బాగైనదాన్ని కోయిస్తానా? పైగా నీ సంగతి నాకెరుక లేదా? నా ఆపరేషన్ అయిందంటే నీకు భయం పోతది. మళ్ళ తెల్లన్నం మొదలుపెడతావ్. ఒక్క కిడ్నీ పెట్టుకొని నాలెక్క మిషను మీద పండుకుంటావ్. అది నేను చూడలేను."

అక్క చెప్పింది అబద్ధం కాదు, నా నోటి సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. పక్కన కూర్చున్నాను. ఆమె చేతి మీద ఉబ్బిన నరం నా మోచేతికి తగిలింది. మిషను కోసం ధమనికి కలిపి కుట్టిన నరం కదా, రక్తం ఉరికే అదురు దాంట్లో ఎప్పుడూ ఉంటుంది, అది నాకు తెలిసింది. కోపమంతా కరిగి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నాను.

"మొదలుపెడతా. నువ్వన్నది నిజమే. నేను వండుకుంటే మొదలుపెడతా. అందుకే నువ్వు పంపియ్యాలె. ఎప్పటికీ. నేను సచ్చేదాక నువ్వే వండి పంపాలె."

"నువ్వు సచ్చేదాకనా? నీకంటే పెద్దదాన్ని. మిషను మీద బతుకుతున్నదాన్ని. నువ్వు సచ్చేదాక నేనెట్లుంటనే?"

"గట్లనే ఉండాలె, నాది పెట్టించుకొని ఉండాలె. ఉండకపోతే నా ఒక్క కిడ్నీ నీ మూలానే పోతది. అది నీ నెత్తినే పడతది. నన్ను బాగుంచుతనంటివి కదా, ఉంచు మరి. ఉండి ఉంచు."

జబ్బు పడ్డ నాటినుంచి అక్క వచ్చే వారం గురించి తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ఒక్కసారిగా అన్నేళ్ళు ఆమె ముందు పెట్టాను. ఆమె నన్ను చూసింది, రోడ్డును చూసింది, నా పొట్ట వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చేతిసంచి భుజానికి తగిలించుకొని, నా భుజం పట్టుకొని లేచింది.

"జల్ది నడువు మరి, డాక్టరు ఎల్లిపోతడు" అని నాకంటే ముందు దవాఖాన మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.